తల్లుల రక్తమునకు బలమిచ్చిన తెలుగువాడు - యల్లాప్రగడ సుబ్బారావు

అనంతగిరి కొండలలో గూడెము వెంట గూడెము నడచి తిరుగు ఆశా కార్యకర్త సంచిలో ఒక ఎర్రని మాత్ర ఉండును. బొర్రా గుహల చుట్టుపట్ల పల్లెలలోనైనను, రైలు మార్గమునకు దూరముగా కాఫీ తోటల వెనుక నున్న చిన్న గూడెములలోనైనను, నాలుగవ నెల ప్రవేశించిన గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 దినములు దానిని ఇచ్చుదురు. ప్రసవమైన పిమ్మట మరి 180 దినములు కొనసాగింతురు. దానిని మింగు స్త్రీకి అది రక్తపు మాత్ర అని మాత్రమే తెలియును. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కలవు. రక్తహీనతకు ఇనుము మంచిదను మాట పాతదే. రెండవ పదార్థమును ప్రయోగశాలలో తయారుచేయు విధానము మాత్రము 1945లో వెలువడినది. ఆ పనిని సాధించిన పరిశోధక బృందమునకు నాయకత్వము వహించినవాడు భీమవరములో పుట్టిన తెలుగువాడు, డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన జన్మించినారు. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచేత ముందుగానే పదవి వదలుకొనవలసి వచ్చినది. సంసారభారము తల్లి వెంకమ్మపై పడినది. సుబ్బారావు చదువులో మెరిసిన బాలుడు కాడు. పదమూడవ యేట ఇల్లు విడచి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని బయలుదేరినాడు. దారిలోనే పట్టుకొని ఇంటికి తెచ్చినారు. రాజమహేంద్రవరములో చదువు సాగక, మద్రాసు హిందూ హైస్కూలులో చేరి, మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను గట్టెక్కినాడు. నేడు పరీక్ష తప్పిన విద్యార్థికి ఈ సంగతిని ఉపాధ్యాయులు చెప్పుచుందురు. అయితే తప్పినవాడు మరల కూర్చొని చదువగలిగినది తల్లి మొండిపట్టుదలవలననే అన్న మాట కూడ దానికి చేర్చి చెప్పుట న్యాయము.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఉండగా ఆయన మనస్సు సన్యాసమువైపు మళ్ళినది. రామకృష్ణ మఠములో చేరుటకు తల్లి అంగీకరించలేదు. ప్రజలకు సేవ చేయవలెనన్న కోరికకు వైద్యము మరియొక దారిగా తోచి, 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరినారు. ఆ రోజులలో గాంధీజీ పిలుపు విని ఆయన ఖద్దరు ధరింపసాగినారు. శస్త్రవైద్యశాలలోనికి సైతము ఖద్దరు తొడుగుతో వెళ్ళినారు. శస్త్రవైద్యము బోధించు ఆంగ్లేయ ఆచార్యునికి అది కంటగింపైనది. తక్కిన విషయములన్నిట బాగుగా ఉత్తీర్ణుడైనను, ఆ ఒక్క విషయమువలన పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అను యోగ్యతాపత్రము మాత్రము దక్కినది. ప్రభుత్వ వైద్యశాఖలో చేరు ఆశ దానితో అడుగంటినది. అప్పుడు మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతి నడుపుచున్న ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుటకు కుదురుకొన్నారు.

ఆయన జీవితమును తిప్పినది ఆ పట్టా కాదు. స్ప్రూ అను వ్యాధి. ఇది ఉష్ణమండల దేశముల జబ్బు. చిన్నప్రేగుల లోపలి పొర చెడిపోయి, తిన్న ఆహారములోని సారము ఒంటికి పట్టదు. నాలుక పుండ్లు పడును, విరేచనములు ఆగవు, మనిషి ఎముకల గూడై, రక్తము పాలిపోయి మరణించును. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో ఈ వ్యాధికి బలియైనారు. ఆయనకు కూడ అదే జబ్బు సోకినది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికి బయటపడినారు. తాను చదివిన పాశ్చాత్య వైద్యములో ఆనాడు దానికి మందు లేదు. ఆ మందు ఏదియో కనుగొనవలెనన్న తపనయే ఆయనను సముద్రము దాటించినది.

1919లో ఆయనకు శేషగిరితో వివాహమైనది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి వైద్యవిద్యకు ధనసహాయము చేసినవారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడ కొంత సహాయము చేయగా, 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరినారు. కొద్ది సంవత్సరములలో తిరిగి వత్తునని చెప్పి వెళ్ళినవారు మరి రాలేదు. వారికి కలిగిన ఒకే ఒక కుమారుడు పసితనమందే, చర్మమునకు సోకు విసర్పి వ్యాధితో మరణించినాడు. అప్పుడు తండ్రి అమెరికాలో ఉన్నారు. ప్రపంచములోని తల్లులకు, బిడ్డలకు పనికివచ్చు ఔషధములు వెదకిన మనిషి ఇంట ఈ ఖాళీ అట్లే మిగిలిపోయినది. శేషగిరమ్మ ఏండ్ల తరబడి ఎదురుచూచినది. సుబ్బారావు చరిత్రను వ్రాయువారు ఆయన దీక్షను పొగడునప్పుడు, ఆ దీక్షకు మూల్యము చెల్లించిన ఆ ఇల్లాలిని ఒక వాక్యముతో దాటవేయుట మామూలైపోయినది.

హార్వర్డు ఉష్ణమండల వైద్య విద్యాలయములో ప్రవేశము దొరికినది కాని ఉపకారవేతనము దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పనిచేసి పొట్ట పోసుకొన్నారు. పిమ్మట జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద చేరినారు. రక్తములోను మూత్రములోను ఫాస్ఫరస్ ఎంత కలదో రంగు చూచి కొలుచు పద్ధతిని వారిద్దరును కలిసి 1925లో ప్రకటించినారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అను పేర అది ప్రపంచములోని వైద్య విద్యార్థులందరికిని పాఠమైనది. ఆ పద్ధతి ఆధారముతోనే కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో, ఏ.టి.పి. అను శక్తి నిధిని 1929లో గుర్తించినారు. ఏ.టి.పి.ని అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రముగా కనుగొన్నాడు.

రంగు చూచి ఫాస్ఫరస్‌ను కొలుచుట అన్నది చూపునకు చిన్న పనియే. దానివలన గర్భిణులకు కలిగిన మేలు మాత్రము చిన్నది కాదు. గర్భము ధరించిన స్త్రీ రక్తము మామూలు రక్తమువలె ఉండదు. రక్తములోని ద్రవభాగము దాదాపు సగము వంతు పెరుగును. ఎర్ర కణములు అంతగా పెరుగవు. కావున రక్తము పలుచనగును. దానితోపాటు కొవ్వులు కూడ పెరుగును. కొలెస్టరాల్, ట్రైగ్లిసరైడులు, ఫాస్ఫరస్‌తో కూడిన ఫాస్ఫోలిపిడ్ అను కొవ్వులు అన్నియు నెలలు నిండుకొలది హెచ్చును. ట్రైగ్లిసరైడులు చివరి నెలలలో రెండు మూడు రెట్లు కావచ్చును. ఇది దోషము కాదు. పెరుగుచున్న శిశువునకు, రానున్న చనుబాలకు తల్లి శరీరము చేసికొను ఏర్పాటు. ఆ పెరుగుదల హద్దు మీరినప్పుడే చిక్కు. రక్తపుపోటు, గుర్రపువాతము వచ్చు గర్భిణులలో ఈ కొవ్వులు మరింత హెచ్చుగా కనబడును. మిక్కిలి హెచ్చినచో అరుదుగా క్లోమము వాచి తల్లికి ప్రాణాపాయము కలుగును. ఫాస్ఫోలిపిడ్లను లెక్కకట్టుటకు రంగు పద్ధతియు దాని సవరణలును చిరకాలము ఆధారములైనవి. శిశువు ఊపిరితిత్తులు గాలి పీల్చినప్పుడు అంటుకొనిపోకుండ కాపాడు పూత కూడ ఈ జాతి కొవ్వే. గర్భజలములో దానిని పరీక్షించి, నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు పక్వమైనవా లేదా అని ముందుగా తెలిసికొను విధానము 1971లో వెలువడినది.

ఇంత పేరు వచ్చినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. ఆ కాలముననే ఆయన మనస్సు తొలి సమస్యవైపు, అనగా పాలిపోయిన రక్తమువైపు మళ్ళినది. పచ్చి కాలేయము తినిపించినచో ఒక తరహా ప్రాణాంతక రక్తహీనత నయమగునని 1926లో మైనాట్, మర్ఫీ అను వైద్యులు కనుగొన్నారు. కాలేయములో ఉన్న ఆ గుణము ఏ పదార్థమునది? సుబ్బారావు కాలేయ సారమును భాగములుగా విడదీయసాగినారు.

ఇదే సమస్యను మరియొక దిక్కునుండి పట్టుకొన్న స్త్రీ ఒకరు భారతదేశములో పని చేయుచుండిరి. ఆమె లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు. 1928లో బొంబాయికి వచ్చి, నేతమిల్లులలో పనిచేయు పేద గర్భిణులు రక్తహీనతతో మరణించుటకు కారణమేమో పరిశీలించినారు. కొంతకాలము మద్రాసు గోషా ఆసుపత్రిలో కూడ పనిచేసినారు. ఆ స్త్రీల రక్తకణములు పరిమాణములో పెద్దవి, పక్వము కానివి. సూక్ష్మజీవి ఏదియును కానరాలేదు. లోపము వారి ఆహారములోనే కలదని ఆమె గ్రహించినారు. శుద్ధిచేసిన కాలేయ సారము వారికి పనిచేయలేదు. కాని మార్మైట్ అను చౌకబారు ఈస్టు సారము ఇచ్చినంతనే వారు కోలుకొన్నారు. ఈ సంగతిని ఆమె 1931లో ప్రకటించినారు. ఈస్టులోని ఆ పదార్థమునకు చాలకాలము పేరే లేదు. విల్స్ పదార్థము అని పిలిచెడివారు. సుబ్బారావు అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూలోను, బొంబాయి మిల్లు కూలీల గర్భములలోను లోపించినది ఒకే వస్తువని తేలుటకు ఇంక పదునాలుగు సంవత్సరములు పట్టినది.

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రములోని పెర్ల్ రివర్ వద్ద నున్న లెడర్లీ పరిశోధనాలయములో చేరి, పరిశోధనలకు అధిపతియైనారు. విశ్వవిద్యాలయములో ఇద్దరు ముగ్గురు సహాయకులతో జరుగు పని అక్కడ పెద్ద బృందముతో జరుగజొచ్చినది. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి కొద్దిపాటి పదార్థమును వేరుచేసి, ఆకు అను అర్థముగల లాటిన్ మాటనుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు. టన్నులకొలది ఆకుకూర పిండినను రోగికి ఒక పూట మందు దొరకుట కష్టము. పదార్థపు నిర్మాణమును తెలిసికొని, రసాయనముగా తయారు చేయగలిగిననే ప్రజలకు అందును. లెడర్లీ బృందము కాలేయమునుండియు సూక్ష్మజీవులనుండియు దానిని స్ఫటికరూపములో రాబట్టి, నిర్మాణమును ఛేదించి, 1945లో కృత్రిమముగా తయారు చేసినది. పూర్తి వివరమును 1946లో ప్రకటించినప్పుడు దానిపై పదహారుగురి పేర్లు ఉన్నవి. వారిలో సుబ్బారావు పేరును ఒకటి. ఘనతను పంచి ఇచ్చుట ఆయనకు అలవాటు. అందువలననే కాబోలు, సామాన్య జనులకు ఆయన పేరు తెలియలేదు.

ఫోలిక్ ఆమ్లము చేయు పని ఇది. కణము రెండుగా చీలవలెనన్న ముందు దానిలోని డి.ఎన్.ఏ. రెట్టింపు కావలెను. దానికి కావలసిన ముక్కలను కూర్చుటకు ఫోలిక్ ఆమ్లము తప్పనిసరి. ఎముకల మూలుగలో క్షణక్షణము ఎర్ర కణములు పుట్టుచుండును గనుక లోపము ముందుగా అక్కడ బయటపడును: కణములు పెరుగును గాని చీలలేవు, పెద్దవై, పచ్చివై రక్తములోనికి వచ్చును. గర్భిణిలో గర్భాశయము, మాయ, శిశువు, రక్తము అన్నియు ఒకేసారి పెరుగవలసినవి. మామూలు స్త్రీకి దినమునకు 400 మైక్రోగ్రాములు చాలును. గర్భిణికి 600 కావలెను. మలేరియావలన ఎర్ర కణములు పగిలిపోవు చోట, కొడవలి కణ వ్యాధి ఉన్న చోట ఈ అవసరము ఇంకను హెచ్చు. అనంతగిరి, అరకు, పాడేరు కొండలలో ఈ రెండును కలవు. అడవి ఆకుకూరలకు అక్కడ కొదువ లేదు కాని, ఆకును ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోసినచో అందలి ఫోలిక్ ఆమ్లములో చాలభాగము ఆ నీటితోనే పోవును.

1945లోనే అమెరికాలో టామ్ స్పైస్ అను వైద్యుడు ఈ కొత్త మందును రోగులకు ఇచ్చి చూచినాడు. పెద్ద కణముల రక్తహీనత తగ్గినది. స్ప్రూ రోగులు మంచముపైనుండి లేచినారు. రెండు దశాబ్దములకు పూర్వము మద్రాసులో మందు లేదనిపించుకొన్న వ్యాధికి మందు దొరకినది. అన్నదమ్ములను తలచుకొని ఆ దినమున ఆయన ఏమనుకొన్నారో ఊహకు వదలవలసినదే. అయితే మైనాట్ కాలేయముతో నయము చేసిన ప్రాణాంతక రక్తహీనతకు ఇది పూర్తి మందు కాలేదు. రక్తము బాగుపడినట్లు కనిపించినను నరముల చెడుపు ఆగలేదు. దానికి కావలసినది బి-12 విటమిను; దానిని 1948లో ఇతరులు వేరుచేసినారు. సుబ్బారావు బృందము దానికొరకును శ్రమించినది కాని, ఆ పందెములో వెనుకబడినది.

ఫోలిక్ ఆమ్లము కణములను పెంచునదైనప్పుడు, దానివలె నటించి దాని పనికి అడ్డుతగులు పదార్థము కణముల పెరుగుదలను ఆపవలెను గదా! ఈ ఆలోచనతో ఆయన బృందము అమినోప్టెరిన్‌ను, పిమ్మట మెథోట్రెక్సేట్‌ను తయారుచేసినది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్తకాన్సరు సోకిన పదహారుగురు పిల్లలకు ఇవ్వగా, పదిమందిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గుముఖము పట్టినది. 1948లో ఈ వార్త వెలువడినది. కాన్సరుకు మందులతో చికిత్స చేయు యుగము అక్కడనే ఆరంభము. అదే మందు కడుపులోని పిండమునకు విషమని 1950ల ఆరంభములో తెలియవచ్చినది. గర్భములో ఫోలిక్ ఆమ్లము పని ఎంత ముఖ్యమో దానివలన మరియొక విధముగా రుజువైనది. 1980లనుండి వైద్యులు ఈ గుణమునే తల్లిని కాపాడుటకు వినియోగించుచున్నారు. పిండము గర్భాశయమునకు వెలుపల, నాళములో నిలిచిపోయినచో అది పగిలి తల్లి రక్తస్రావముతో మరణించు ప్రమాదము కలదు. తొలిదశలోనే గుర్తించినచో, తగిన వారికి కత్తి లేకుండ, మెథోట్రెక్సేట్ సూదిమందుతోనే ఆ గండము గడచును.

ఆయన పరిశోధనాలయమునుండి వచ్చిన తక్కిన మందులను గూర్చి విస్తరించి వ్రాయనక్కరలేదు. బోదకాలు క్రిములకు హెట్రజాన్ 1947లోను, టెట్రసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ 1948లోను వెలువడినవి. రెండవదానిని మట్టినుండి పట్టినవాడు బెంజమిన్ డగ్గర్. ఈ రెండును నేడు గర్భిణులకు ఇవ్వరు. టెట్రసైక్లిన్ కడుపులోని శిశువు పండ్లకు పసుపు మచ్చ తెచ్చునని తరువాత తెలిసినది. బోదకాలు మాత్రలు ఊరంతటికి పంచు దినమున గర్భిణులను, రెండేండ్లలోపు పిల్లలను మినహాయింతురు.

1948 ఆగష్టులో, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావు నిద్రలోనే మరణించినారు. పాతికేండ్లకు పైగా అమెరికాలో ఉండియు ఆ దేశపు పౌరసత్వము తీసికొనలేదు. మాతృదేశము స్వతంత్రమై అప్పటికి ఏడాది కావచ్చినది. ఆయన దానిని చూడలేదు. ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు 1953లో ఆయన పేరు పెట్టినారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసినది.

ఆయన మరణించిన చాల ఏండ్లకు ఫోలిక్ ఆమ్లముయొక్క మరియొక ముఖ్యగుణము బయటపడినది. గర్భము నిలిచిన 28 దినములలోపుగా శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడు నాడీనాళము మూసుకొనవలెను. అది మూసుకొననిచో బిడ్డ వెన్ను చీలికతోనో, మెదడు లేకుండనో పుట్టును. 7 దేశములలోని 33 కేంద్రములలో జరిగిన పరిశోధన ఫలితములు 1991లో వెలువడినవి. అంతకుముందు అట్టి బిడ్డను కనిన తల్లులు, మరల గర్భము దాల్చుటకు ముందునుండి ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నచో ఆ లోపము 72 శాతము తగ్గినది. కాని ఆ 28 దినములు గడచువరకు అనేకమంది స్త్రీలకు తాము గర్భిణులమని తెలియనే తెలియదు. నాలుగవ నెలలో మొదలగు ఎర్రని మాత్ర తల్లి రక్తమును కాపాడును. ఆ చీలికను పూడ్చజాలదు. దానికి మొదటి మూడు నెలలలోను, వీలైనచో అంతకు ముందునుండియు, దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఇవ్వవలెనని వైద్యుల నిర్ణయము.

భారత ప్రభుత్వము గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము పంచు కార్యక్రమమును 1970లో ఆరంభించినది. 2018లో అది రక్తహీనత లేని భారతమను పేర విస్తరించినది. మాత్ర మింగినచో కడుపులో తిప్పుననియు, విరేచనము నల్లబడుననియు భయపడి మధ్యలో మానివేయువారు చాలమంది. నలుపు ఇనుమువలన వచ్చునదే; హాని లేదు. కొండమీద చిక్కు వేరు. దారి లేని కొన్ని గూడెములనుండి నొప్పులు పడుచున్న గర్భిణిని డోలీలో మోసికొనివచ్చు వార్తలు పత్రికలలో నేటికిని కానవచ్చుచున్నవి. అంతదూరమునుండి వచ్చి నెల తప్పిన తొలి వారములలోనే పేరు వ్రాయించుకొను స్త్రీలు ఎందరుందురు? అందుచేత ఈ పని వివాహమునకు ముందే, బడిలోనే ఆరంభింపవలసి వచ్చినది. వారమునకొక దినమున ఉపాధ్యాయుడు తరగతిలో నిలబడి, మధ్యాహ్న భోజనమైన పిమ్మట, ఆరవ తరగతి మొదలు పై తరగతుల బాలబాలికలచేత నీలపు మాత్ర మింగించును. దానిలో కలవి కూడ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము.